మామిడి జీళ్ళు: నాలుగో వాయికి కుదిరిన పాకం

జూన్ మొదటి వారంలో మా వీధి చివరింటి ఆవిడ వచ్చి ఒక ఆర్డరు చెప్పారు. వాళ్ళ బాబుకి ఎనిమిదో పుట్టినరోజు. బడిలో పిల్లలకి పంచడానికి 40 పొట్లాలు కావాలి, పొట్లానికి ఎనిమిది చొప్పున నమిలే చాక్లెట్లు. మన ఇళ్ళలో పిప్పరమెంటు దగ్గర్నుంచి టాఫీ దాకా అన్నీ చాక్లెట్లే కదా, ఆవిడ కూడా అదే మాట వాడారు. అడిగింది మాత్రం వేరే రకం. నోట్లో వేసుకుంటే మెత్తగా సాగుతూ, పండు పుల్లపుల్లగా తగిలేది. ఎసెన్సు వద్దు, రంగు వద్దు. శాకాహారులు కాబట్టి, జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ అస్సలు వద్దు. ఆరు మామిడివి, రెండు నేరేడువి. పళ్ళకి అంటుకుని పీక్కోవాల్సి వచ్చేలా ఉండకూడదు.

కాకినాడలో నేను ఇంట్లోంచి స్వీట్లు చేసి ఇవ్వడం మొదలుపెట్టి పదకొండేళ్ళయింది. సున్నుండలు, అరిసెలు, గవ్వలు, వేసవిలో తాండ్ర నా పని. పాకం చూడడం చేతికి వచ్చిన విద్యే. కానీ పండు గుజ్జు కలిపిన పాకాన్ని నమిలే పదునులో ఆపడం ఎప్పుడూ చేయలేదు. రెండున్నర వారాలు టైం ఉంది కాబట్టి ఒప్పుకున్నాను. మొదటి మూడు వాయిలు పాడయ్యాయి. ఎందుకు పాడయ్యాయో నోటుపుస్తకంలో రాసుకున్నాను కాబట్టి ఇక్కడ వరసగా చెప్పగలుగుతున్నాను. ఇంట్లో చేయాలనుకునే వాళ్ళకి కుదిరిన కొలతల కన్నా, కుదరని వాయిల్లో ఏం జరిగిందన్నదే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

మొదటి వాయి

నాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. పెద్ద రసాల గుజ్జు 330 గ్రాములు, పంచదార 300 గ్రాములు, లిక్విడ్ గ్లూకోజ్ 220 గ్రాములు, ఒక నిమ్మకాయ రసం, అన్నీ ఒకే గిన్నెలో వేసి స్టవ్ మీద పెట్టాను. లిక్విడ్ గ్లూకోజ్ అంటే కేకు సామాన్ల కొట్లో డబ్బాల్లో దొరికే చిక్కటి, రంగులేని జిగురు పాకం. దాన్ని కలిపితే పంచదార మళ్ళీ పలుకు కట్టదు.

థర్మామీటర్ 105 డిగ్రీల దగ్గర ఎంతసేపటికీ కదల్లేదు. మామిడి గుజ్జులో నూటికి ఎనభై పాళ్ళకి పైగా నీళ్ళే. ఆ నీళ్ళు పోతే తప్ప వేడి పైకి ఎక్కదు. 120కి వచ్చేసరికి 50 నిమిషాలు పట్టింది. ఆలోపు గుజ్జులోని పీచు అడుగంటింది, ఎంత కలిపినా ఆగలేదు. పాకం ఇటుక రంగుకి తిరిగింది. మామిడి వాసన పోయి, మాడిన బెల్లం వాసన మిగిలింది. వెన్న కలిపి, నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి, ఆరాక ముక్కలు కోశాను.

అసలు సంగతి మర్నాడు బయటపడింది. విడివిడిగా పేర్చిన ముక్కలన్నీ చెమ్మగిల్లి ఒకదానిలోకి ఒకటి కారిపోయాయి. అనుమానం వచ్చి ముందే 100 గ్రాముల ముక్కలు వేరే పళ్ళెంలో తూచి పెట్టాను. సాయంత్రానికి అవి 104 గ్రాములు తూగాయి. ఆ నాలుగు గ్రాములూ గాల్లోంచి పీల్చుకున్న నీళ్ళే.

దీనికి కారణం పులుపు. గులాబ్ జామూన్ పాకంలో నిమ్మరసం ఎందుకు పిండుతామో గుర్తు చేసుకోండి. పులుపు, వేడి కలిసినప్పుడు పంచదార విరిగి గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా మారుతుంది. కొంచెం విరిగితే పాకం పలుకు కట్టకుండా ఉంటుంది, అది మనకి మేలు. కానీ ఇక్కడ మామిడిలో ఉన్న పులుపు, నిమ్మరసం పులుపు కలిసి పంచదారని 50 నిమిషాలు విరిచేశాయి. ఫ్రక్టోజ్‌కి గాల్లో తేమని లాక్కునే గుణం బాగా ఎక్కువ. పైగా పలుకు కట్టకుండా చూడడానికి లిక్విడ్ గ్లూకోజ్ వేయనే వేశాను. నిమ్మరసంతో అవసరమే లేదు. ఏళ్ళ తరబడి మంచి చేసిన అలవాటు కదా అని ఆలోచించకుండా పిండేశాను.

రెండో వాయి, మూడో వాయి

ఈసారి గుజ్జుని ముందు విడిగా దగ్గరపెట్టాను. వెడల్పాటి నాన్‌స్టిక్ పెనంలో సన్న సెగ మీద 25 నిమిషాలు కలుపుతూ ఉంటే 330 గ్రాములు 120 గ్రాములకి వచ్చింది. గరిటెతో గీత గీస్తే వెంటనే కలవకుండా దారి కనిపించే పదును అది. నిమ్మరసం మానేసి, పులుపు కోసం నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చివర్లో కలిపాను. ఉడికే టైం సగానికి సగం తగ్గింది, రంగు పసుపుగా నిలిచింది. ఇంక కుదిరినట్టే అనుకున్నాను.

రెండు పొరపాట్లు చేశాను. మెత్తగా ఉండాలని 116 డిగ్రీల దగ్గరే దించేశాను. పంచదార పాకం లెక్కలో 115 ప్రాంతంలో నూటికి 15 పాళ్ళు నీరు ఉంటుంది, 121 దాటాక అది పదికి లోపలికి వస్తుంది. జెలటిన్ వేస్తే ఆ ఎక్కువ నీటిని అది పట్టుకుని ముక్కకి ఆకారం నిలుపుతుంది. జెలటిన్ లేనప్పుడు ఆకారాన్ని నిలబెట్టేది పాకం గట్టిదనం ఒక్కటే. నా ముక్కలు నాలుగు గంటల్లో అప్పచ్చుల్లా పరుచుకుపోయాయి. రెండోది, వెన్న బదులు కొబ్బరి నూనె వేశాను. కొబ్బరి నూనె 24, 25 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మా ఊళ్ళో జూన్ నెల రాత్రి కూడా అంతకన్నా వేడిగానే ఉంటుంది. నూనె బయటికి ఊరి, చుట్టిన కాగితాలన్నీ తడిసిపోయాయి. చలిదేశాల కొలతల్లో కొబ్బరి నూనె కనిపిస్తుంటుంది. అక్కడ గడ్డకట్టి ఉండేది ఇక్కడ గడ్డకట్టదు. వనస్పతి అయితే గట్టిగా నిలబడేది కానీ నాకు దాని రుచి నాలుకకి మైనంలా తగులుతుంది, పిల్లలకి పెట్టే దాంట్లో వేయబుద్ధి కాలేదు.

మూడో వాయి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. జెలటిన్‌కి బదులు, సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్ వేసి చూశాను. అది గట్టిపడింది కానీ సాగలేదు, కొరికితే పుటుక్కున తెగింది. చైనా గ్రాస్ గుణమే అంత, జెల్లీకి బాగుంటుంది, నమలడానికి పనికిరాదు.

ఆ రోజు ముక్కలు చూసి అత్తయ్య అడిగిన మాట పనిని మలుపు తిప్పింది. ఆవిడది కోనసీమ. చిన్నప్పుడు కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థంలో జీళ్ళు, ఖర్జూరాలు కొనిపించుకున్న మనిషి.

"పాకం పోసి కోసేస్తున్నావు గానీ, లాగవేమే అమ్మాయ్? జీళ్ళు చేసేవాడు మేకుకి వేసి లాగకపోతే అవి జీళ్ళెలా అవుతాయి?"

"అది బెల్లం పాకం కదా అత్తయ్యా, ముదురుగా పట్టి లాగుతారు."

"పాకం ఏదైతే ఏం? లాగితేనే గుల్లవుతుంది. గుల్లయితేనే పంటి కింద నలుగుతుంది."

నేను ఇన్నాళ్ళూ ఏదో కొత్త దేశపు తినుబండారం చేస్తున్నానని అనుకుంటూ ఉన్నాను. నిజానికి మన తీర్థాల్లో, తిరునాళ్ళలో అమ్మే జీడిలో ఉన్నది ఇదే పని. ఎంతకీ తెగని సంగతిని జీడిపాకం అంటాం, ఆ మాట ఈ లాగుడు నుంచి వచ్చిందే. జీళ్ళ పాకాన్ని బాగా ముదరబెడతారు కాబట్టి అవి కొరికితే విరుగుతాయి. అదే పాకాన్ని నాలుగు మెట్లు ముందు ఆపి, అందులో పండు చేర్చి లాగితే ఆవిడ అడిగిన చాక్లెట్. ఇలా ఆలోచించాక నాకు ధైర్యం వచ్చింది, ఎందుకంటే ఇప్పుడిది నాకు తెలిసిన పనే.

నాలుగో వాయి

అప్పటిదాకా రాసుకున్నదంతా ముందు పెట్టుకుని చూస్తే ఒకటే కనిపించింది. పండు తెచ్చే నీళ్ళు, పులుపు రెండూ పంచదారతో పాటు పొయ్యి మీద ఎక్కువసేపు ఉండకూడదు. పండు ఆలస్యంగా రావాలి, పులుపు అంతకన్నా ఆలస్యంగా రావాలి. దీని చుట్టూ పని మొత్తం తిరగరాశాను.

పళ్ళు కూడా మార్చాను. పెద్ద రసాలకి వాసన గొప్పగా ఉంటుంది కానీ పులుపు తక్కువ. అందుకని రెండు వంతులు రసాలు, ఒక వంతు కలెక్టర్ కాయ తీసుకున్నాను. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకి వెళ్ళే తోతాపురినే మనం కలెక్టర్ అంటాం. దానికి గుజ్జు ఎక్కువ, పీచు తక్కువ, ఓ మోస్తరు పులుపు ఉంటుంది. రెండిటినీ మిక్సీ పట్టి, సన్నటి జల్లెడలో గరిటెతో రుద్ది వడకట్టాను. అడుగంటేది ఎప్పుడూ పీచే కాబట్టి ఇక్కడ బద్ధకించకూడదు. వడకట్టిన 330 గ్రాములు మళ్ళీ 120కి దగ్గరపెట్టి, చల్లారనివ్వకుండా మూతపెట్టి పక్కన ఉంచాను. చల్లటి గుజ్జు కాగే పాకంలో వేస్తే పాకం ఒక్కసారిగా బిగుసుకుని ఉండలు కడుతుంది.

వేరే మందపాటి స్టీలు గిన్నెలో పంచదార 300 గ్రాములు, లిక్విడ్ గ్లూకోజ్ 220 గ్రాములు, నీళ్ళు 60 గ్రాములు వేశాను. పంచదార మొత్తం కరిగేదాకా కలిపి, ఆ తర్వాత గరిటె తీసేశాను. గిన్నె అంచులకి అంటిన పలుకుల్ని తడి బ్రష్‌తో తుడిచాను. ఒక్క పలుకు మిగిలినా దాన్ని పట్టుకుని మిగతా పంచదార మొత్తం గట్టిపడే ప్రమాదం ఉంది. ఇక్కడ పండు లేదు కాబట్టి మాడుతుందన్న బెంగ లేకుండా పెద్ద సెగ మీదే 130 డిగ్రీల దాకా తీసుకెళ్ళాను. పది, పన్నెండు నిమిషాల్లో అయిపోయింది.

అప్పుడు సెగ తగ్గించి, వేడిగా ఉన్న మామిడి గుజ్జుని కొంచెం కొంచెంగా పోశాను. పాకం ఉవ్వెత్తున పొంగుతుంది కాబట్టి పోసే పరిమాణానికి నాలుగింతలు పెద్ద గిన్నె తీసుకోవాలి. వేడి 108కి పడిపోయింది. అక్కడి నుంచి అడుగు తాకేలా కలుపుతూ 122కి తెచ్చాను. దీనికి పట్టింది ఏడు నిమిషాలు. మొదటి వాయిలో పండు 50 నిమిషాలు ఉడికిన చోట ఇప్పుడు పంచదారతో కలిసి ఉన్నది ఏడు నిమిషాలే. థర్మామీటర్ ఉన్నా నేను నీళ్ళ గిన్నె కూడా పెట్టుకున్నాను. చల్లటి నీళ్ళలో చుక్క వేసి తీస్తే ఉండ చేతిలో ఆకారం నిలుపుకోవాలి, రెండు వేళ్ళతో నొక్కితే లొంగాలి. అరిసెల పాకం కన్నా ఒక మెట్టు పైన అనుకోండి.

దించాక ఉప్పు లేని వెన్న 35 గ్రాములు, ఉప్పు పావు చెంచా కలిపి, నెయ్యి రాసిన స్టీలు పళ్ళెంలో పోశాను. ఇక్కడ నెయ్యి వేసినా కుదురుతుంది, నేను తర్వాత చూశాను. కాకపోతే నెయ్యి వాసన మామిడిని కొంచెం మింగేస్తుంది. అంచులు గట్టిపడడం మొదలవగానే వాటిని గరిటెతో మధ్యలోకి మడుస్తూ ఉండాలి, లేకపోతే అంచు ముక్క రాయిలా, మధ్య ముక్క మెత్తగా తయారవుతుంది. మూడోసారి మడిచేటప్పుడు మెత్తగా నూరిన నిమ్మ ఉప్పు నాలుగు గ్రాములు చల్లాను. పాకం అప్పటికే పొయ్యి దిగి చల్లబడుతోంది కాబట్టి పులుపు పంచదారని విరిచేంత వేడి, వ్యవధి రెండూ లేవు.

ఇక లాగడం. ఒక జాగ్రత్త చెప్పాలి. పైన చల్లబడినట్టు కనిపించే పాకం లోపల కాలుతూనే ఉంటుంది, పాకం కాలితే నీళ్ళు కాలినట్టు జారిపోదు, చర్మానికి అంటుకుని ఉంటుంది. లోపల నూలు గ్లవ్స్, వాటి మీద పలచటి రబ్బరు గ్లవ్స్ వేసుకుని, వాటికి నెయ్యి రాసుకున్నాను. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వలేదు. థర్మామీటర్ ముద్దలో గుచ్చితే 65 చూపించాక మొదలుపెట్టాను. మేకు లేదు. అత్తయ్య ఒక చివర, నేను ఒక చివర పట్టుకుని లాగడం, మడవడం, మళ్ళీ లాగడం.

మొదటి మూడు నిమిషాలు జిగురుగా, తేనె రంగులో మెరుస్తూ సాగింది. తర్వాత రంగు తేలికపడుతూ వచ్చి, పన్నెండో నిమిషానికి మీగడలో పసుపు కలిపినట్టయింది. రంగు తేలికవడం అంటే లోపల గాలి చేరుతోందని అర్థం. మడిచిన ప్రతిసారీ చిన్నచిన్న గాలి బుడగలు చిక్కుకుంటాయి, వెన్న కూడా సన్నటి తుంపరలుగా పాకమంతా సర్దుకుంటుంది. అత్తయ్య గుల్లవడం అన్నది దీన్నే. అవి రెండూ ఉన్నప్పుడే పాకం పంటికి జిగురులా పట్టకుండా మెత్తగా తెగుతుంది. ఎప్పుడు ఆపాలో తెలియడానికి నేను పెట్టుకున్న గుర్తు ఇది: లాగిన తాడు మీద సన్నటి గీతలు పడతాయి. ఆ గీతలు కరిగి కలిసిపోతుంటే ఇంకా లాగాలి, అలాగే నిలబడిపోతే ఆపాలి.

ఆపడానికి రెండు నిమిషాల ముందు మెత్తటి పంచదార పొడి 12 గ్రాములు తాడు మీద చల్లి మడిచాను. పలుకు కట్టకూడదని ఇంతసేపు కష్టపడి, చివర్లో పలుకు నేనే వేయడం వింతగా అనిపించవచ్చు. అడ్డదిడ్డంగా కట్టే పెద్ద పలుకు వేరు, మనం చల్లిన అతి సన్నటి పొడిని ఆధారం చేసుకుని పెరిగే పలుకు వేరు. రాత్రికి రాత్రి ముద్దంతా కంటికి కనబడని సన్నటి పలుకులు కడతాయి, నాలుకకి గరుకు తగలదు. చేసిన రోజు బాగా సాగిన ముక్క మర్నాటికి కొరికితే తేలిగ్గా తెగి, పళ్ళకి అతుక్కోకుండా నోట్లో కరుగుతుంది. పళ్ళకి అంటకూడదన్న ఆవిడ షరతు నెరవేరింది దీనితోనే. అందుకే చేసిన రోజు రుచి చూసి తీర్పు చెప్పకూడదు, ఒక రోజు ఆగాలి.

తాడుని వేలి లావున సాగదీసి, నెయ్యి రాసిన కత్తెరతో ఏడేసి గ్రాముల ముక్కలు కత్తిరించాం. 590 గ్రాముల ముద్దకి 84 ముక్కలు వచ్చాయి. మొదటి నలభై ముక్కల్ని వెంటనే బటర్ పేపర్లో చుట్టి రెండు వైపులా మెలితిప్పాం. అప్పుడే వాన మొదలైంది, కరెంటు పోయింది. మిగిలినవి పళ్ళెంలో గంటన్నర ఉండిపోయాయి. చుట్టినవి మర్నాడు నేను కోరుకున్నట్టే ఉన్నాయి. ఆలస్యంగా చుట్టినవి కాగితానికి అంటుకుపోయాయి. ఒకే ముద్దలోంచి తెగిన ముక్కలు ఇలా రెండు రకాలుగా తేలాయంటే తప్పు పాకానిది కాదు, గాలిది.

తేమ చూసే చిన్న మీటరు ఒకటి కొన్నాను. వంటింట్లో 82 శాతం చూపించింది, ఏసీ వేసిన పడగ్గదిలో 55. అప్పటి నుంచి వండడం వంటింట్లో, లాగడం, కత్తిరించడం, చుట్టడం ఏసీ గదిలో. సముద్రం పక్క ఊళ్ళలో వానాకాలంలో ఈ పని చేసేవాళ్ళకి ఇంతకన్నా ముఖ్యమైన సలహా నా దగ్గర లేదు. ఏసీ లేకపోతే నవంబరు దాకా ఆగి, జామపండుతో చేసుకోవడం మంచిది. అలాగే ఒక్కరే చేయకండి. కత్తిరించే చేతులు రెండు, చుట్టే చేతులు నాలుగు ఉంటే 84 ముక్కలు పావుగంటలో అయిపోతాయి.

నేరేడు

నేరేడు ఒక్క వాయే కావాలి. అది మొదటిసారే కుదిరింది, పద్ధతి అప్పటికి తెలుసు కాబట్టి. కానీ ఆ పండుకి ఉన్న రెండు గుణాలు చెప్పాలి.

ఒకటి రంగు. గింజలు తీసిన గుజ్జుని కొంచెం నీళ్ళతో ఉడికించి వడకట్టి దగ్గరపెడితే బురద ఊదాలోకి తిరిగింది. పాకంలో కలిపాక ఇంకా దిగులుగా కనిపించింది. నిమ్మ ఉప్పు చల్లి మడిచిన చోట మాత్రం కళ్ళ ముందే ముదురు గులాబీ రంగు విచ్చుకుంది. నేరేడులో ఉన్న రంగు పదార్థం పులుపు తగిలితే ఎరుపు వైపు, పులుపు తగ్గితే నీలం వైపు తిరుగుతుంది. లాగాక అది లేత గులాబీ ఊదాగా తేలింది. రంగు వేయొద్దన్న ఆవిడ చూసి, "నిజంగా ఏమీ వేయలేదా అండీ?" అని రెండుసార్లు అడిగారు. పులుపు చివర్లో వేయాలన్న నియమం ఇక్కడ రంగుకి కూడా పనికొచ్చింది.

రెండోది వగరు. నేరేడు గుజ్జుని ఇనప మూకుట్లో పెట్టకూడదు, వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. స్టీలు గిన్నే వాడాలి. గుజ్జు 120 గ్రాముల బదులు 100కి తగ్గించి, ఉప్పు పావు చెంచా నుంచి అరచెంచాకి పెంచాను. నేరేడు పళ్ళు ఉప్పు అద్దుకుని తినే అలవాటు మనకి ఊరికే రాలేదు, ఉప్పు తగిలితే వగరు వెనక్కి తగ్గుతుంది.

ఆర్డరు, ఆ తర్వాత

మామిడి మూడు వాయిలు, నేరేడు ఒక వాయి మూడు రోజుల్లో చేశాం. వాయికి గుజ్జు దగ్గరపెట్టడం నుంచి చుట్టడం దాకా రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. మామిడివి 252 వచ్చాయి, కావాల్సింది 240. నేరేడువి 84 వచ్చాయి, కావాల్సింది 80. పొట్లం మీద వాడిన పదార్థాలు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, ఆకుపచ్చ గుర్తు, చేసిన తేదీతో పాటు ఒక మాట పెద్ద అక్షరాల్లో రాశాను: నాలుగేళ్ళ లోపు పిల్లలకి పెట్టవద్దు. సాగే చాక్లెట్ చిన్నపిల్లల గొంతుకి అడ్డం పడితే తీయడం చాలా కష్టం. బడి పిల్లలు ఇంటికి తీసుకెళ్ళి తమ్ముడికో చెల్లికో ఒకటి ఇస్తారు. ఆ మాట రాయకుండా పొట్లం పంపడం నాకు ఇష్టం లేదు.

మిగిలిన 16 ముక్కల్ని మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టి చూస్తూ వచ్చాను. ఏడో రోజుకి తేడా లేదు. ఇరవై ఒకటో రోజుకి నేరేడువి అలాగే ఉన్నాయి. మామిడివి కొంచెం గట్టిపడ్డాయి, వాసన మొదటి వారం ఉన్నంత లేదు. బూజు పట్టేంత తడి ఇందులో ఉండదు కాబట్టి పాడవలేదు, కానీ రెండు వారాల్లో తినేస్తే మంచిదని ఇప్పుడు చెబుతున్నాను.

జూలై చివర్లో ఇంకొకరు అడిగారు. అప్పటికి రసాలు అయిపోయాయి. ఇంట్లో ఎండబెట్టిన, బెల్లం కలపని తాండ్ర 70 గ్రాములు ముక్కలు చేసి 50 గ్రాముల వేడినీళ్ళలో గంట నానబెట్టి మిక్సీ పట్టాను. దగ్గరపెట్టిన గుజ్జు బదులు అదే వాడాను. తాజా మామిడిపండు రుచి లేదు, కానీ ఎండలో మగ్గిన తాండ్ర రుచి దానికదే బాగుంది. మా అత్తయ్యకి తాజా మామిడి కన్నా ఇదే నచ్చింది. బెల్లం కలిపిన తాండ్రయితే ఈ పనికి వద్దు, కొలత తప్పుతుంది.

ఇదంతా అయ్యాక హైదరాబాదు మియాపూర్‌లో ఉండే మా పిన్ని కూతురు నా కొలతలు అడిగి తీసుకుంది. ఒక్క గ్రాము తేడా లేకుండా, తొందరపడకుండా చేసే పిల్ల. రెండు రోజులాగి ఫోన్ చేసింది.

"అక్కా, రాళ్ళలా వచ్చాయి. తాడు లాగుతుంటేనే చేతులు పడిపోయాయి. 122కే దించాను, ఒట్టు."

"నీళ్ళు మరిగించి నీ థర్మామీటర్ అందులో పెట్టు. ఎంత చూపిస్తుందో చూసి చెప్పు."

పది నిమిషాల తర్వాత చెప్పింది, 96 అని.

కాకినాడ సముద్ర మట్టంలో ఉంది, ఇక్కడ నీళ్ళు 100 దగ్గర మరుగుతాయి, నా థర్మామీటర్ కూడా 100 చూపిస్తుంది. హైదరాబాదు సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్ళు 98 ప్రాంతంలోనే మరుగుతాయి. అంటే అక్కడి పాకం నా పాకమంత దగ్గరపడడానికి రెండు డిగ్రీలు తక్కువ చాలు. పైగా తన థర్మామీటర్ ఉన్నదానికన్నా రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. రెండూ కలిస్తే నాలుగు డిగ్రీలు. తను 122 అనుకుని దించిన పాకం నా లెక్కలో 126. మనం ఆపాల్సిన పదును దాటిపోయి, తీర్థం జీళ్ళ దారిలో పడింది.

కొలతల కాగితంలో నేను 122 అని రాసి ఇవ్వడం తప్పు. ఇప్పుడు దాన్ని కొట్టేసి ఇలా రాశాను: మీ ఇంట్లో నీళ్ళు మరిగేటప్పుడు మీ థర్మామీటర్ ఎంత చూపిస్తే దానికి 22 కలపండి, అక్కడ దించండి. ఊరి ఎత్తూ, థర్మామీటర్ తప్పూ రెండూ అందులోనే సరిపోతాయి. పంచదార పాకానికి రాసిన 130కి కూడా ఇదే లెక్క, మరిగే నీళ్ళ అంకెకి 30 కలపాలి.

తను మర్నాడు మళ్ళీ చేసింది. పాకం 126 దగ్గర గుజ్జు పోసి, 118 దగ్గర దించింది. సాయంత్రం ఫోటో పంపింది. తాడు మీద గీతలు నిలబడి ఉన్నాయి.